అపార్ట్‌మెంట్ మిద్దె మీద సోలార్ పెట్టించినవాళ్లు కాస్త చెప్పండి

మాది తిరుపతిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్లకు సోలార్ పెట్టిద్దామని అసోసియేషన్‌లో అనుకుంటున్నాం. మిద్దె సోలార్‌కు కేంద్రం ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్‌లో ఇలాంటి ఉమ్మడి వాడకానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. బిల్లు తగ్గడం ఒకెత్తు. నా అసలు తపన బొగ్గు కరెంటు తగ్గించాలని. అలా తీసే ఒక్కో యూనిట్‌కూ దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుందండీ.

మా వాచ్‌మన్ తెల్లారి ఐదింటికే మోటారు వేస్తాడు. దాన్ని మధ్యాహ్నానికి మారిస్తే నేరుగా ఎండ కరెంటే వాడుకోవచ్చు కదా?

నెట్ మీటర్ (మనం వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కేసేది) ఇచ్చేముందు మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ వాళ్లు ఏమేం చూస్తారు? వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం అడ్డొస్తుందా? మిద్దె మీద సగానికి వాటర్ ట్యాంకుల నీడే, ప్యానెళ్లు ఎలా అమర్చుకున్నారు? తిరుపతి, చిత్తూరులో చేయించుకున్నవాళ్లు దయచేసి వివరంగా రాయండి.