ఆర్136ఏ1 ఒక్క నక్షత్రమా, కొన్ని నక్షత్రాల గుంపా?

నాగావళి: పిల్లల సైన్స్ పోస్టర్‌లో చూశాను, "అతి బరువైన నక్షత్రం ఆర్136ఏ1, సూర్యుడికి 265 రెట్లు" అని. నేను నమ్మను. 1980ల మొదట్లో అది ఉన్న ఆర్136 అనే నక్షత్రాల గుంపు నడిమి వెలుగంతా ఒకే నక్షత్రమని, బరువు వెయ్యి సూర్యుళ్లు దాటుతుందని అన్నారు. 1985లో స్పెకిల్ పద్ధతిలో, అంటే క్షణాల్లో ఎన్నో ఫొటోలు తీసి గాలి కదలిక మసకను తీసేసి చూస్తే, ఎనిమిది చుక్కలయ్యాయి. వాటిలో ఒకటైన ఆర్136ఏ1 బరువు 2010లో 265 సూర్యుళ్లన్నారు, 2022లో 196 అన్నారు. చూపు పదునెక్కేకొద్దీ తగ్గుతోంది. రేపు ఇదీ విడిపోతుంది.

బొబ్బిలి మాస్టారు: విడిపోవడం వేరు, తగ్గడం వేరమ్మా. 2022లో చిలీలోని జెమినై సౌత్ టెలిస్కోపుతో పక్క చుక్కల వెలుగును వేరుచేసి లెక్కేశారు. దాని వంతు వెలుగు తగ్గింది కాబట్టి లెక్కలో బరువు తగ్గింది.

నాగావళి: పక్కవి వేరుచేస్తేనే తగ్గిందంటే నేనన్నదే కదా!

పలాస కుర్రాడు: మన ఊళ్ల నుంచి కనిపిస్తుందా అండి?

బొబ్బిలి మాస్టారు: కష్టం బాబూ. అది మన పక్కనున్న పెద్ద మెజిల్లన్ మేఘం అనే చిన్న గెలాక్సీలో, దాదాపు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. శ్రీకాకుళంలో దక్షిణాన మూడు డిగ్రీల ఎత్తు కూడా రాదు. కళింగపట్నం ఒడ్డున నిలబడినా సముద్రం మీది మసకలో కలిసిపోతుంది.

నాగావళి: మన గెలాక్సీ కేంద్రం దగ్గరి ఆర్చెస్ అనే నక్షత్రాల గుంపు చూసి ఒక నక్షత్రం బరువుకు 150 సూర్యుళ్లే హద్దని 2005లో చెప్పారు. ఇరుకు గుంపులో రెండు కలిసిపోయి బరువెక్కితే దాన్ని ఒక నక్షత్రం అంటామా?

బొబ్బిలి మాస్టారు: అంటాం. సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతి కలిశాక కూడా నాగావళి నదిని మీ పేరుతోనే పిలుస్తున్నాం కదా. పైగా ఆర్చెస్ వయసు ఎక్కువ. అక్కడి పెద్దవి ఈపాటికే నక్షత్ర గాలుల్లో, అంటే తమ పైపొరల వాయువును బయటికి ఊదేసుకుంటూ, బరువు పోగొట్టుకుని ఉంటాయి.

నాగావళి: పేరు గొడవ కాదండీ! మా అమ్మాయి క్విజ్‌లో 196 అని రాస్తే, 265 అని కొట్టేశారు. ఒక్క మార్కుతో బహుమతి పోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పలాస కుర్రాడు: అక్కా, ఇది ముందే చెప్పాల్సింది.

బొబ్బిలి మాస్టారు: 196 కూడా నిలవదని మీరే అంటున్నారు. మరి పాప రాసింది రైటెలా అయింది?

నాగావళి: మీలాంటి మాస్టార్లు ఒక్క అంకె బట్టీ పట్టించబట్టే ఇదంతా. బయట ఏం తేలినా మీ నోట్సు మారదు.

బొబ్బిలి మాస్టారు: కోపం వచ్చింది, లేచి వెళ్లి మళ్లీ లెక్క చూశాను. 2010 అంచనా అసలు 230 నుంచి 345 వరకు. 2022ది 169 నుంచి 230. రెండూ 230 దగ్గర తగులుతున్నాయి. నేను ఇన్నేళ్లూ ఒట్టి 265 రాయించాను. హద్దులు రాయించలేదు.

నాగావళి: ఇకనైనా రాయించండి మాస్టారూ. విడిపోతుందన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.