అమ్మకు జ్యూరీ సమన్లు వచ్చాయి: పంపాలా, మినహాయింపు అడగాలా?

ఇర్వింగ్‌వాసి:
మేము టెక్సాస్‌లో, డల్లాస్ కౌంటీలోని ఇర్వింగ్‌లో ఉంటాము. మా అమ్మగారికి 72 ఏళ్ళు. 55 దాటి, పదిహేనేళ్ళు గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి ఇచ్చే వెసులుబాటుతో పౌరసత్వపు ఇంటర్వ్యూను దుబాసీ సాయంతో తెలుగులోనే పూర్తి చేసి, నిరుడు సిటిజన్ అయ్యారు. ఇప్పుడు జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టులో కేసు విని దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి, రమ్మని సమన్లు వచ్చాయి. దుకాణంలోనూ డాక్టరు దగ్గరా నెట్టుకువచ్చేంత ఇంగ్లీషు ఆమెకు ఉంది కాని, లాయర్ల వాదన అర్థమవుతుందని నేను అనుకోను. వెళ్తే అక్కడ ఏం జరుగుతుంది? వెళ్ళకుండా ఉండాలంటే ఏం చేయాలి?

గోదారిగట్టు:
70 దాటినవారు వెళ్ళనవసరం లేదు. మా మామగారికి నేనే సమన్ల కాగితంలో ఆ గడి నింపి పంపించాను, మళ్ళీ ఎవరూ అడగలేదు. ఇందులో చర్చించవలసినది ఏమీ లేదు.

పాలమూరు పిల్ల:
అది పాత నిబంధన, గోదారిగట్టు గారూ. 2023 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఆ వయసును 75కు పెంచారు. అదే రోజు నుంచి భత్యం కూడా పెరిగి, మొదటి రోజుకు కనీసం 20 డాలర్లు, తరువాతి ప్రతి రోజుకు 58 డాలర్లు అయింది. పట్టించుకోకుండా ఊరుకుంటే 100 నుంచి 1000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. నేను ఒకసారి జ్యూరీలో కూర్చున్నాను కనుక, జరిగేది చెప్తాను. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. పెద్ద హాల్లో కూర్చోబెడతారు. తరువాత కొన్ని పదుల మందిని ఒక గుంపుగా కోర్టు గదిలోకి పంపి, వరుస సంఖ్యలు ఇచ్చి, రెండు పక్షాల లాయర్లు ప్రశ్నలు వేస్తారు. ఒకే ఒక్క సాక్షి మాట మీద నేరం రుజువైందని నమ్మగలరా, నిందితుడు నోరు విప్పకపోతే దానిని అతని మీద తప్పుగా లెక్కిస్తారా, వంటివి అడుగుతారు. చాలామంది ఆ సాయంత్రానికే ఇంటికి వచ్చేస్తారు.

మూడోబెంచి:
సిటిజన్ కాదు అన్న గడిలో టిక్కు పెట్టి పంపేయండి. ఎవరు చూస్తారు?

పాలమూరు పిల్ల:
చూస్తారు. అలా రాసినవారి పేర్లు కోర్టు నుంచి ఓటరు నమోదు అధికారికి వెళ్తాయి. పెద్దావిడ ఓటు పోవడమే కాదు, సంతకం పెట్టి అబద్ధం చెప్పినట్టు అవుతుంది. దయచేసి ఇటువంటి సలహాలు ఇవ్వకండి. సక్రమమైన దారి వేరే ఉంది: ఇంగ్లీషు అర్థం చేసుకోలేని, మాట్లాడలేని కారణంగా జ్యూరీలో కూర్చోవడం అసాధ్యమో చాలా కష్టమో అయినవారికి జిల్లా కోర్టు జడ్జి మినహాయింపు ఇవ్వవచ్చు. దానికి కారణం చూపుతూ అఫిడవిట్ ఇవ్వాలి. నిర్ణయం జడ్జిది, మనది కాదు.

గోదారిగట్టు:
వయసు సంగతి ఒప్పుకుంటాను. అయితే అసలు వెళ్ళి మాత్రం ఏం ప్రయోజనం? నేను రెండుసార్లు సెలవు పెట్టి వెళ్ళాను. రెండోసారి ఒక పెద్ద దొంగతనం కేసు. నా పేరు పలకలేక లాయరు నవ్వి ఊరుకున్నాడు, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, సాయంత్రం ఇంటికి పొమ్మన్నారు. మనవాళ్ళను పిలుస్తారు కాని కూర్చోబెట్టరు.

పాలమూరు పిల్ల:
మీ సంఖ్య ఎంత?

గోదారిగట్టు:
41.

పాలమూరు పిల్ల:
అయితే పేరుతో పని లేదు, సంఖ్యల వరుసలోనే తీసుకుంటూ వస్తారు. ఫెలనీ (పెద్ద నేరం) కేసులో జ్యూరీకి కావలసినది పన్నెండు మంది. కారణం చెప్పకుండా తీసివేసే హక్కు, మరణశిక్ష కేసు కాకపోతే, ఒక్కొక్క పక్షానికి పది మంది దాకా ఉంటుంది. మొత్తం 32. కారణం చూపగా జడ్జి పంపేసినవారు మరో నలుగురు ఉన్నారనుకున్నా 36 దగ్గర లెక్క ఆగిపోతుంది. మీ దాకా రావలసిన అవసరమే వారికి లేదు. జాతిని చూసి తీసివేయకూడదని 1986లోనే సుప్రీంకోర్టు బాట్సన్ కేసులో తేల్చింది.

గోదారిగట్టు:
లెక్క బాగుంది. మరి ఆ 41 ఎవరు ఇచ్చారు? టెక్సాస్ క్రిమినల్ కేసుల్లో, కూర్చున్నవారి వరుస నచ్చకపోతే, పేర్లన్నీ మళ్ళీ కలపమని లాయరు ఒకసారి అడగవచ్చు. ముఖాలు చూసిన తరువాతే అడుగుతాడు. ఆ రోజు కలిపారు. అంతకుముందు నేను రెండో వరుసలో ఉన్నాను. దీనికి మీ కూడికలో జవాబు లేదు.

అల్బుకర్కీ అన్నయ్య:
ఇంగ్లీషు రానంత మాత్రాన జ్యూరీ హక్కు పోకూడదని మా న్యూ మెక్సికో రాజ్యాంగంలోనే ఉంది. ఇక్కడ జ్యూరర్‌కు కోర్టే దుబాసీని ఇస్తుంది. పెద్దమ్మగారిని మా ఊరికి మార్చేయండి.

ఎర్రమట్టి:
నాకు ఒక్కటే అర్థం కాదు. కోర్టులో నాలుగు మాటలు అర్థం కానివారు సిటిజన్‌షిప్ ఎందుకు తీసుకున్నట్టు? హక్కులకైతే ముందుంటాము, పని పడితే భాష రాదంటాము.

ఇర్వింగ్‌వాసి:
ఎర్రమట్టి గారూ, మా అమ్మ ఈ దేశానికి వచ్చింది ఊరేగడానికి కాదు, నా ఇద్దరు పిల్లలను పెంచడానికి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే ఆమెతో ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఇంట్లో ఎవరున్నారు? నేను అడిగినది మినహాయింపు గురించి, ఆమె అర్హత గురించి కాదు.

పాలమూరు పిల్ల:
ఆ మాట అనవలసింది కాదు, ఎర్రమట్టి గారూ. అయినా నేను మినహాయింపు వైపే ఉన్నాను, ఆమె మీద గౌరవం లేక కాదు. నేను కూర్చున్న కేసులో చివరికి వాదన అంతా ఒక సాక్షి "వెళ్ళమన్నాడు" అన్నాడా, "వెళ్ళనిచ్చాడు" అన్నాడా అన్న దగ్గర నిలిచింది. ఆ తేడా పట్టుకోలేని మనిషి గదిలో ఉంటే, అన్యాయం జరిగేది నిందితుడికి.

గోదారిగట్టు:
నిందితుడి గురించి నాకు చెప్పకండి. ఇంతవరకు ఇక్కడ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మా తమ్ముడు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవాడు. 21 నిండని పిల్లవాడికి బీరు అమ్మాడని కేసు పెట్టారు. మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కనుక జ్యూరీలో ఆరుగురే. కెమెరా వీడియోలో ఆ పిల్లవాడు ఏదో అంటాడు, మా తమ్ముడు తల అటూ ఇటూ ఊపుతాడు. వయసు తెలిసే సరేనన్నాడని ప్రాసిక్యూటర్ వాదించాడు. అది వింటున్నానని ఊపే ఊపు, ఒప్పుకోలు కాదు. మన ఇళ్ళలో రోజుకు వందసార్లు ఊపుతాము. ఆ ఆరుగురిలో అది తెలిసినవారు ఒక్కరు లేరు. దోషి అన్నారు. ఇంగ్లీషు వాళ్ళందరికీ వచ్చు.

పాలమూరు పిల్ల:
మీ బాధ అర్థమైంది, ఇందాక లెక్కలు చెప్పినందుకు మన్నించండి. కాని ఆ గదిలో ఇర్వింగ్‌వాసి గారి అమ్మగారే ఉన్నారనుకుందాం. తల ఊపు ఆమెకు తెలుస్తుంది. తలుపు వేసుకున్న తరువాత, దుబాసీ లేకుండా, మిగిలిన ఐదుగురికి దానిని వివరించగలగాలి కదా.

గోదారిగట్టు:
వివరించనక్కరలేదు. క్రిమినల్ కేసులో అందరూ ఒక్క మాట మీదకు రావాలి. కాదని కూర్చుంటే చాలు.

పాలమూరు పిల్ల:
కారణం చెప్పలేక కాదంటే దానిని మొండితనం అంటారు, న్యాయం అనరు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

ఇర్వింగ్‌వాసి:
మూడు రోజులుగా ఇదంతా చదివి, నిన్న రాత్రి అమ్మకు మొదటిసారి విషయం చెప్పాను. అంతవరకు ఆ కవరు నా సొరుగులోనే ఉంది. తన పేరుతో వచ్చిన ఉత్తరాన్ని ఎందుకు దాచావని ముందు దానికే చీవాట్లు పెట్టింది. తరువాత గోదారిగట్టు గారి తమ్ముడి సంగతి చదివించుకుంది. అఫిడవిట్ వద్దంది, తనకు ఎంత అర్థమవుతుందో జడ్జిగారికి తన నోటితోనే చెప్తానంది. వచ్చే సోమవారం డార్ట్ రైల్లో తీసుకువెళ్తున్నాను. పెరుగన్నం డబ్బా లోపలికి రానిస్తారా, ఎవరికైనా తెలుసా?

గోదారిగట్టు:
డబ్బా సంగతి తెలియదు. ఆమెకు సంఖ్య ఎంత ఇచ్చారో, తరువాత పేర్లు కలిపారో లేదో, రెండూ తప్పక రాయండి.