అత్యుత్తమ పవర్ ఫార్వర్డ్ ఎవరు? డంకన్‌ను అసలు ఆ వరుసలో కూర్చోబెట్టవచ్చా?

వేకువ ప్రేక్షకుడు:

బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ పవర్ ఫార్వర్డ్ (రింగుకు దగ్గరగా, సెంటర్ పక్కన ఆడే బలమైన ఆటగాడు) ఎవరని అడిగితే చాలామంది తడుముకోకుండా టిమ్ డంకన్ పేరు చెబుతారు. నేనూ అదే చెబుతాను కానీ, నా కారణం వేరు. ఐదు టైటిళ్లు (1999, 2003, 2005, 2007, 2014), రెండు ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాడి పురస్కారాలు), 19 సీజన్లూ శాన్ ఆంటోనియో స్పర్స్‌కే ఆడడం వంటి ఘనతల్లో కోచ్ గ్రెగ్ పొపొవిచ్‌కూ, జట్టును నడిపినవారికీ వాటా ఉంది. అందుకని వాటిని పక్కన పెట్టి, 2003 ఒక్కదాన్నే తీసుకుంటున్నాను.

ఆ ఏటి జట్టును గుర్తు చేసుకోండి. డేవిడ్ రాబిన్సన్‌కు 37 ఏళ్లు. అదే అతడి చివరి సీజన్, సగటున మ్యాచ్‌కు తొమ్మిది పాయింట్లు కూడా రాలేదు. టోనీ పార్కర్‌కు అది రెండో సీజన్, మను జినోబిలికి అమెరికా లీగ్ ఎన్‌బీఏలో మొదటిది. ఈ బలగంతోనే డంకన్ అప్పటికి వరుసగా మూడు టైటిళ్లు గెలిచి ఉన్న లేకర్స్‌ను ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) రెండో రౌండులో ఇంటికి పంపాడు. ఆ సిరీస్ ఆరో మ్యాచ్‌లో, వాళ్ల సొంత కోర్టులో, 37 పాయింట్లు వేసి 16 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతులు) పట్టాడు. ఇక న్యూజెర్సీ నెట్స్‌తో ఫైనల్స్ ఆరో మ్యాచ్, అంటే మనకు జూన్ 16 ఉదయం కాఫీ వేళకు జరిగినది. చివరి క్వార్టర్‌లో నెట్స్ తొమ్మిది పాయింట్లు ముందుంది. అక్కడి నుంచి స్పర్స్ నెట్స్‌కు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా వరుసగా 19 పాయింట్లు చేసి, 88-77తో టైటిల్ అందుకుంది. డంకన్ ఖాతాలో 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు (పాయింట్లు తెచ్చిన షాట్‌కు అందించిన పాస్‌లు), 8 బ్లాకులు (అడ్డుకున్న షాట్లు) చేరాయి. ఇంకో రెండు బ్లాకులు పడి ఉంటే నాలుగు విభాగాల్లోనూ రెండంకెలు వచ్చేవి. ఫైనల్స్‌లో ఆ ఘనత ఇంతవరకు ఎవరికీ లేదు.

అతడి ఆటలో ఆర్భాటం లేదన్నది నిజమే. రింగుకు ఎడమ పక్కన బంతి అందుకుని, రక్షకుడికి ఎదురు తిరిగి, ఒక్క అడుగు వేసినట్టు బెదిరించి, బోర్డు మీది చతురస్రం పై మూలకు మెత్తగా తగిలేలా బంతిని వదిలేవాడు. ఎక్కడ నిలబడతాడో, ఏం చేయబోతున్నాడో స్టేడియంలో అందరికీ తెలిసేది, ఎదుట నిలుచున్నవాడికి కూడా తెలిసేది. తెలిసీ ఆపలేకపోయేవారు.

గచ్చుకోర్టు:

వేకువ ప్రేక్షకుడు గారూ, మీరు చెప్పిన ప్రతి అంకెనూ ఒప్పుకుంటాను. వాటిని ఎవరి ఖాతాలో రాస్తున్నారన్న దగ్గరే నా పేచీ. రాబిన్సన్ విరమించుకున్నాక డంకన్ పక్కన ఆడిన నెస్టెరోవిచ్, నాజర్ మొహమ్మద్, ఒబెర్టో వంటివాళ్లు కాగితం మీద సెంటర్లే, అంటే రింగు కాపలాదారులే. అయినా రింగు దగ్గర కాపలా ఎవరిది? ఎదుటి జట్టు గార్డు లోపలికి దూసుకొస్తే అడ్డుపడడానికి వెనక్కి జరిగేది ఎవరు? డంకనే. జీవితకాలంలో మూడు వేలకు పైగా బ్లాకులు చేసిన మనిషిని, 2013లో సెంటర్ స్థానానికే ఆల్ ఎన్‌బీఏ తొలి జట్టులోకి (ఏటా ప్రకటించే లీగ్ ఉత్తమ ఐదుగురి జాబితా) ఎంపికైన మనిషిని ఫార్వర్డుల పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేయడం మిగతావాళ్లకు అన్యాయం. డంకన్ గొప్ప సెంటర్, ఆ వరుసలో అతడు ఎన్నోవాడన్నది వేరే చర్చ.

పేరుకూ పనికీ తేడా లేని పవర్ ఫార్వర్డ్ కావాలంటే కార్ల్ మలోన్ ఉన్నాడు. 1985 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) పన్నెండు మంది తర్వాత ఎంపికైన ఆటగాడు 36,928 పాయింట్లతో విరమించుకున్నాడు. అప్పటికి అంతకన్నా ఎక్కువ చేసినవాడు కరీం అబ్దుల్ జబ్బార్ ఒక్కడే. యూటా జాజ్‌కు 18 సీజన్లు ఆడి మొత్తం మీద పది మ్యాచ్‌లకు మాత్రమే దూరమయ్యాడు. ఆ భారీ శరీరంతో, రాత్రి తర్వాత రాత్రి ఒళ్లు రాపాడించుకునే ఆటలో ఇది నమ్మశక్యం కాని సంగతి. సహచరుడు జాన్ స్టాక్టన్‌ను కాచే రక్షకుడికి మలోన్ అడ్డుగోడలా నిలబడేవాడు, స్టాక్టన్ ఆ గోడను రాసుకుంటూ వెళ్లేవాడు, రక్షకులిద్దరూ ఒక్క క్షణం తికమకపడేలోగా మలోన్ గిరుక్కున తిరిగి రింగు వైపు పరుగు తీస్తే బంతి సరిగ్గా చేతుల్లోకి వచ్చి పడేది. ఈనాటికీ ప్రతి జట్టూ ఆడుతున్న పిక్ అండ్ రోల్‌కు ఆ జంటే పాఠ్యపుస్తకం.

పాత లెక్కల పుస్తకం:

మలోన్ మాట వచ్చింది కనుక రెండు సంఘటనలు గుర్తు చేయక తప్పదు. 1997 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో స్కోరు 82-82 ఉండగా, మరో పది సెకన్లయినా లేని సమయంలో మలోన్‌కు రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా, ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు) వచ్చాయి. ఆ రోజు ఆదివారం. ‘మెయిల్‌మ్యాన్’ అన్న అతడి బిరుదును పట్టుకుని, తపాలా బంట్రోతు ఆదివారం ఉత్తరాలు పంచడు కదా అని ప్రత్యర్థి చికాగో ఆటగాడు స్కాటీ పిప్పెన్ దగ్గరికొచ్చి అన్నాడు. రెండూ పోయాయి, చివరి క్షణంలో పిప్పెన్ సహచరుడు మైకేల్ జోర్డాన్ షాట్ పడింది. మరుసటి ఏడు ఆరో మ్యాచ్‌లో జాజ్ ఒక్క పాయింటు ముందుండగా జోర్డాన్ వెనుక నుంచి వచ్చి మలోన్ చేతిలోని బంతిని తట్టేశాడు. తర్వాత ఆ జోర్డానే షాట్ వేసి చికాగోకు టైటిల్ తెచ్చాడు. మలోన్‌కు మిగిలింది రెండు ఎంవీపీలు, మూడు ఫైనల్స్, టైటిల్ సున్నా.

అదే తరంలో చార్లెస్ బార్క్‌లీ కూడా ఉన్నాడు. పట్టికల్లో ఆరడుగుల ఆరంగుళాలని రాసేవారు కానీ నిజానికి అంత ఎత్తు కూడా లేదు. అయినా 1986-87లో లీగ్ మొత్తానికీ రీబౌండ్ల సగటులో ప్రథముడు. టైటిల్ ఇతడికీ లేదు కనుక నా ఓటు వేయను. అయితే రీబౌండుకు పొడుగు కాదు, ఎదుటివాడిని వెనక్కి తోసి చోటు పట్టడం ముఖ్యమని కోచ్‌లు పిల్లలకు చెప్పేటప్పుడు అతడినే చూపించాలి. ఇంకా వెనక్కి వెళితే, 1958 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో బోస్టన్ మీద 50 పాయింట్లు వేసి సెయింట్ లూయిస్ హాక్స్‌కు టైటిల్ తెచ్చిన బాబ్ పెటిట్‌ను ఇక్కడ ఒక్కరూ తలచుకోలేదు.

మిన్నెసోటా చలి:

కెవిన్ గార్నెట్ సంగతి మాట్లాడితే చాలు, మొదటి రౌండులోనే వరుసగా ఏడుసార్లు ఓడిపోయాడని దెప్పుతారు. బావి ఎండిపోతే నీళ్లు తోడేవాడిని తిట్టినట్టుంది. ఒక ఆటగాడితో రహస్య ఒప్పందం చేసుకుని పట్టుబడినందుకు 2000లో లీగ్ అతడి మిన్నెసోటా జట్టుకు భారీ జరిమానా వేసి, మొదటి రౌండు డ్రాఫ్టు ఎంపికలను లాగేసుకుంది. కొత్త ప్రతిభ వచ్చే దారి మూసుకుపోయాక ఒక్కడు ఏం చేయగలడు? కాస్త ఆసరా దొరికిన 2003-04లో అతడు సగటున 24.2 పాయింట్లు, 13.9 రీబౌండ్లు, 5 అసిస్టులతో ఎంవీపీ అయ్యాడు. ప్లేఆఫ్స్‌లో శాక్రమెంటోతో ఏడో మ్యాచ్ సరిగ్గా అతడి 28వ పుట్టినరోజున వచ్చింది. జట్టు మూడే పాయింట్ల తేడాతో గెలిచిన ఆ మ్యాచ్‌లో 32 పాయింట్లు, 21 రీబౌండ్లు, 5 బ్లాకులు గార్నెట్‌వే. తర్వాత బోస్టన్‌కు వెళ్లిన మొదటి ఏడాదే, 2008లో, టైటిలూ ఉత్తమ రక్షకుడి పురస్కారమూ రెండూ గెలిచాడు. ఆ పురస్కారం డంకన్‌కు ఒక్కసారి కూడా రాలేదు. పాయింట్ గార్డు మొదలు సెంటర్ దాకా ఎవరికైనా ఎదురు నిలబడగలిగినవాడు ఈ జాబితాలో గార్నెట్ ఒక్కడే.

డాలస్ వాసి:

నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలు డర్క్ నొవిట్స్కీ 41వ నంబరు జెర్సీలు వేసుకుని పెరిగారు. అయినా ఒక ప్రశ్న అడుగుతాను. ఈ స్థానం తీరునే మార్చేసింది ఎవరు? డర్క్ నొవిట్స్కీకి ముందు ఏడడుగుల మనిషి రింగు కిందే ఉండాలనుకునేవారు. అతడు ఎడమ కాలి మీద నిలిచి, కుడి మోకాలు పైకెత్తి, వెనక్కి వాలుతూ వేసే షాట్‌ను అందుకునేంత పొడవు చేతులు ఎవరికీ లేవు. ఇప్పుడు ప్రతి జట్టూ దూరం నుంచి వేయగల పొడుగరి కోసం వెతుకుతోందంటే ఆ దారి వేసినవారిలో అతడే ప్రధానుడు. 2011లో ఓక్లహోమా మీద ఒకే మ్యాచ్‌లో 24 ఫ్రీ త్రోలకు 24 వేసి 48 పాయింట్లు చేశాడు. అదే ఏడాది మయామీతో ఫైనల్స్‌లో ఎడమచేతి నడిమివేలి నరం తెగి ఉండగా, రెండో మ్యాచ్‌ను అదే ఎడమచేత్తో వేసిన లేఅప్‌తో గెలిపించాడు. అతడి పక్కన రెండో సూపర్‌స్టార్ అనదగినవాడు లేడు.

వేకువ ప్రేక్షకుడు:

డాలస్ వాసి గారూ, 2006లో మన రెండు జట్ల ఏడో మ్యాచ్ మీకు గుర్తుండే ఉంటుంది. స్పర్స్ మూడు పాయింట్లు ముందుంది, అర నిమిషం కూడా లేదు. నొవిట్స్కీ రింగు వైపు దూసుకెళితే జినోబిలి అనవసరంగా ఫౌల్ చేశాడు. బంతి పడింది, ఫ్రీ త్రో కూడా పడింది, ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లి డాలస్ గెలిచింది. నొవిట్స్కీకి 37 పాయింట్లు, 15 రీబౌండ్లు. ఓడిన పక్షాన డంకన్‌కు 41, 15. ఆ ఓటమి ఇప్పటికీ నాకు మింగుడుపడదు కానీ, ప్లేఆఫ్స్‌లో వీళ్లిద్దరూ ఎదురుపడ్డ ఆరు సిరీస్‌లలో నాలుగు డంకన్‌వే. నొవిట్స్కీ స్థానాన్ని మార్చాడన్న మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, కానీ దారి వేయడం వేరు, రెండు వైపులా ఆడి గెలిపించడం వేరు.

గార్నెట్ విషయంలో నాకు కొంత ఇబ్బంది ఉంది, దాచను. పాసింగ్‌లో, కోర్టు మొత్తం కమ్మేసే రక్షణలో అతడు డంకన్‌కు ఏమాత్రం తీసిపోడు, బహుశా ఒక మెట్టు పైనే. అయితే 1999లో, 2001లో ఇద్దరి జట్లూ మొదటి రౌండులో తలపడితే రెండుసార్లూ స్పర్స్ 3-1తో గెలిచింది. పక్కన రాబిన్సన్ ఉన్నాడని మీరంటారు, నిజమే. అందుకే నేను 2003ను ఎంచుకున్నాను. ఆ ఏటి డంకన్ సహచరుల బలం, మరుసటి ఏడు గార్నెట్‌కు దొరికిన సహచరుల బలం కన్నా గొప్పదని నేననుకోను.

ఇక గచ్చుకోర్టు గారి పేచీ. డంకన్ పదిసార్లు ఆల్ ఎన్‌బీఏ తొలి జట్టులోకి వచ్చాడు, అందులో తొమ్మిదిసార్లు ఫార్వర్డ్‌గానే. మీరు చెప్పిన 2013 ఆ పదోది, అప్పటికి అతడికి 37 ఏళ్లు. 1999లోనూ 2003లోనూ లేకర్స్ సెంటర్ షాకిల్ ఓనీల్ వంటి కొండకు ముందుగా ఎదురు నిలిచే పని రాబిన్సన్‌దే. కాలు నెమ్మదించిన వయసులో చేసిన పనిని బట్టి యౌవనంలో ఆడిన స్థానాన్ని మార్చి రాయడం సరికాదు.

గచ్చుకోర్టు:

సరే, రాబిన్సన్ సెంటర్‌గా నిలబడ్డాడు కనుక 2003ను మీ ఖాతాలోనే రాసుకోండి. 2005ను మాత్రం నాకు వదిలేయండి. డెట్రాయిట్‌తో ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో, చివరి క్వార్టర్‌లో డంకన్ ఫ్రీ త్రోలను వరుసగా పోగొట్టుకుంటుంటే, ఓవర్‌టైమ్ చివరి సెకన్లలో మూడు పాయింట్ల షాట్ వేసి జట్టును గట్టెక్కించిన రాబర్ట్ హోరీ ఏ స్థానంలో ఆడేవాడో గుర్తుందా? పవర్ ఫార్వర్డ్.