గడ్డకట్టి పగిలిన పైపు: అతుకు ఎందుకు నిలవడం లేదు?

చెమ్మగోడ:
గత వారం ఒక రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పడిపోవడంతో, బయటి గోడలోంచి వంటగది సింకుకు వచ్చే రాగి పైపు గడ్డకట్టింది. ఎండెక్కిన తరువాత గాని అది కారుతున్నట్లు తెలియలేదు. పగులు వెంట్రుకంత సన్నంగా, పైపు నిలువునా ఉంది. దానిపై రెండుసార్లు ఎపాక్సీ ముద్ద (ఆరాక గట్టిపడే జిగురు) పూశాను, రెండుసార్లూ అంచుల దగ్గర ఊడివచ్చింది. ఆ ముక్కను కోసి కొత్తది వేయక తప్పదా? ఇంకొక సందేహం కూడా ఉంది. గడ్డకట్టింది గోడలోపల అయితే, పగిలింది గోడకు మూరెడు ఇవతల, సింకు కింద. ఇది ఎలా జరిగిందో అంతుపట్టడం లేదు.

పాతపానా:
మీ రెండో సందేహం నుంచే మొదలుపెడతాను. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ మంచు పైపును పక్కలకు నెట్టి చీల్చివేస్తుందని చాలామంది అనుకుంటారు గాని, ఎక్కువసార్లు జరిగేది వేరు. పైపులో మంచు బిరడాలా బిగుసుకుని కొళాయి వైపు పెరుగుతూ ఉంటే, ఆ బిరడాకూ మూసి ఉన్న కొళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి పోయే దారి ఉండదు. ఆ నీటి ఒత్తిడి అంతకంతకూ పెరిగి, ఆ భాగంలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పైపు పగులుతుంది. అందుకే గడ్డకట్టిన చోటు ఒకటి, పగిలిన చోటు మరొకటి. మంచు కరిగేదాకా ఆ బిరడాయే నీటిని ఆపి ఉంచుతుంది కాబట్టి, పగిలిన సంగతి మనకు ఎండెక్కాకనే తెలుస్తుంది.

ఇక ఎపాక్సీ విషయం. పైపులో నీరు పూర్తిగా దింపి, తడి లేకుండా తుడిచి, రాగి మెరిసేదాకా ఎమ్రీ కాగితంతో రుద్దితే సూది రంధ్రం మీద అది కొంతకాలం నిలుస్తుంది. నిలువు పగులు మీద మాత్రం నిలవదు, ఎందుకంటే కంటికి కనిపించేదానికంటే పగులు పొడవుగా ఉంటుంది. కోయక తప్పదు. కోసేటప్పుడు పగులుకు రెండు వైపులా కాస్త అదనంగానే కోయండి. ఒత్తిడికి రాగి ముందు ఉబ్బి, ఆ తరువాత చీలుతుంది. ఉబ్బిన చోట కప్లింగు (రెండు పైపు ముక్కలను కలిపే తొడుగు) ఎక్కదు. నేను మొదటిసారి ఈ సంగతి తెలియక, కప్లింగే తప్పు కొలతదని గంటసేపు దానితో కుస్తీ పట్టాను.

మీటరుచూపు:
కోయడానికి ముందు మెయిన్ వాల్వుతో పాటు నీళ్ల హీటరును కూడా ఆపివేయండి. అతుకు పూర్తయిన తరువాత ఇంట్లోని కొళాయిలన్నీ మూసి, నీటి మీటరు అంకె రాసుకుని, గంటసేపు ఎవరూ నీరు వాడకుండా చూసి మళ్లీ చదవండి. అంకె కదిలితే పగులు ఇంకొకచోట కూడా ఉన్నట్లే.

తెల్లగొట్టం:
మా ఇంట్లో ఉన్నవి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు కాబట్టి నా అనుభవం కొంచెం వేరు. దీనికి వాడే సోల్వెంట్ సిమెంటు జిగురు కాదు. అది రెండు ప్లాస్టిక్ ఉపరితలాలనూ కరిగించి ఒకటిగా కలుపుతుంది. అందువల్ల కోత నిటారుగా ఉండాలి, అంచుల గరుకు తీసివేయాలి, దూర్చేటప్పుడు పావు చుట్టు తిప్పి అర నిమిషం అదిమి పట్టుకోవాలి. చలిలో అది ఆరడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. డబ్బా మీద రాసి ఉన్న సమయాన్ని లెక్కచేయకుండా నేను తొందరపడి వాల్వు తెరిచాను. ఎల్బో (మలుపు ముక్క) ఊడి, గది నిండా నీళ్లయ్యాయి.

పాతపానా:
రాగికి టంకం పెట్టేవారికి ఒక మాట. పైపులో ఒక్క చుక్క జారుతున్నా టంకానికి కావలసిన వేడి ఎక్కదు. పాతకాలపు ప్లంబర్లు రొట్టె మెత్తని భాగాన్ని పైపులో కూరి ఆ చుక్కను ఆపేవారు. పని అయ్యాక నీరు వదిలితే అది కరిగిపోతుంది, కాకపోతే కొళాయి మూతిలోని జల్లెడను ముందే విప్పి ఉంచాలి. గోడకు అంత దగ్గరలో మంట వాడటం మీకు ఇష్టం లేకపోతే, బిగించే రకం కంప్రెషన్ కప్లింగు వాడండి. నేనైతే సింకు కింద అదే వాడతాను.

మంచుగడప:
ఇదంతా మళ్లీ జరగకుండా చూడటం గురించి కూడా మాట్లాడుకోవాలి. పైపుకు తొడిగే ఫోమ్ తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోయే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. కాబట్టి రోజుల తరబడి ఇంట్లో లేకపోతే దాన్ని నమ్ముకోకూడదు. ఇంటి లోపల కనీసం 13 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంచాలి, లేదా మెయిన్ వాల్వు మూసి పైపులు ఖాళీ చేయాలి. రక్షణ లేని పైపులకు బయట మైనస్ 7 డిగ్రీల దగ్గర నుంచి ప్రమాదం మొదలవుతుందని సాధారణంగా లెక్క వేస్తారు, కానీ గాలి నేరుగా తగిలే చోట ఆ లెక్క పనికిరాదు. చలి రాత్రుల్లో సింకు కింది అల్మరా తలుపులు తెరిచి ఉంచి, కొళాయిని సన్నగా కారనివ్వండి. దానివల్ల ముఖ్యంగా కలిగే మేలు చిక్కుకున్న నీటి ఒత్తిడికి దారి దొరకడమే.

పాతపానా:
సన్నగా కారనివ్వడం మంచిదే గాని, మురుగు గొట్టం కూడా బయటి గోడలోనే ఉంటే ఆ చుక్కలు దానిలో గడ్డకట్టవచ్చు. అది కూడా చూసుకోవాలి. పైపు గడ్డకట్టిందని తెలిసినప్పుడు మొదట కొళాయి తెరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో గాని వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో గాని, కొళాయి వైపు నుంచి గోడ వైపుకు జరుగుతూ కరిగించాలి. దీనికి మంట మాత్రం ఎప్పుడూ వాడకండి.

చెమ్మగోడ:
పాతపానా గారు చెప్పినట్లే జానెడు ముక్క కోయవలసి వచ్చింది. పగులుకు బెత్తెడు దూరంలో కూడా పైపు ఉబ్బే ఉంది. కంప్రెషన్ కప్లింగులు వేసి పరీక్షించాను, మీటరు కదలలేదు. గోడ పలక తీసి చూసినప్పుడు అసలు కారణం బయటపడింది. ఎవరో లోపల, వేడి పోకుండా వేసే దూది మెత్తను పైపుకూ గదికీ మధ్య కూరారు, పైపు వెనుక బయటి వైపు ఏమీ లేదు. అంటే గది వేడి పైపుకు అందకుండా ఆ మెత్తే అడ్డుపడింది. ఇప్పుడు మెత్తను పైపు వెనక్కు మార్చి, చలిగాలి రాకుండా కేబుల్ వచ్చే సందును కూడా పూడ్చాను.