మాగ్నెటిక్ కైటోసాన్ కణాలు నల్లగా రావడం లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

గుంటూరు_ఫార్మా:
ఎం.ఫార్మ్ ప్రాజెక్టులో డాక్సోరూబిసిన్ (క్యాన్సర్ మందు) ఎక్కించడానికి మాగ్నెటిక్ కైటోసాన్ కణాలు, అంటే రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ పాలిమర్‌లో అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ ఉన్న కణాలు చేస్తున్నాను. 3 గ్రాముల కైటోసాన్‌ని 1 శాతం అసిటిక్ యాసిడ్‌లో కరిగించి, 2.7 గ్రాముల ఫెరిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 1 గ్రాము ఫెరస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ కలిపి, అమోనియా పోస్తున్నాను. నల్లగా రావాల్సింది ఇటుక రంగులో వస్తోంది. అయస్కాంతం పెడితే ఏదో మొహమాటానికి కదిలినట్టు కదులుతుంది. వీఎస్‌ఎంలో (అయస్కాంత గుణం కొలిచే యంత్రం) 9 ఈఎంయూ/గ్రాము వచ్చింది. మాగ్నెటైట్‌కి (నల్లటి అయస్కాంత ఐరన్ ఆక్సైడ్) 92 ఉండాలి కదా అని మా గైడ్ గారు అడుగుతున్నారు. పైగా పీబీఎస్‌లో (పీహెచ్ 7.4 ఉండే ఉప్పు బఫర్) వేస్తే గడ్డలు కట్టి అడుక్కి పోతున్నాయి. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

చీరాల_కెమ్:
గాలి తగలకుండా నైట్రోజన్ పెట్టారా? ముందు అది చెప్పండి.

గుంటూరు_ఫార్మా:
సిలిండర్ పక్క డిపార్ట్‌మెంట్‌ది అండీ. దొరికితే పెడతాను, లేకపోతే లేదు.

పాత_ల్యాబ్_అక్క:
అమ్మాయీ, రంగు ఎప్పుడు మారుతోందో చూశావా? అంతా అందులోనే ఉంది. అమోనియా పోయగానే నల్లగా వచ్చి, ఆరబెట్టాక మెల్లగా గోధుమ రంగుకి తిరిగితే అది మాగ్హమైట్, మాగ్నెటైట్ గాలికి ఆక్సీకరణ చెందిన రూపం. అదీ అయస్కాంతానికి బాగానే లాగుతుంది, కంగారు అక్కర్లేదు. పోయగానే ఇటుక రంగు వస్తే మాత్రం నీ ఫెరస్ ముందే గాలికి ఆక్సీకరణ చెంది ఫెరిక్ అయిపోయింది. అప్పుడు వచ్చేది దాదాపు ఉత్త తుప్పు. ఎంత కడిగినా, ఎంత వేడి చేసినా బాగుపడదు. ఫెరస్ క్లోరైడ్ డబ్బా తెరిచి చూడు, లేత ఆకుపచ్చగా ఉండాలి. పసుపు తిరిగితే పక్కన పడేయ్. నీళ్లు మరగబెట్టి మూతపెట్టి చల్లార్చు, నైట్రోజన్ దొరికిన రోజే పని పెట్టుకో. గాలి తగలక తప్పదు అనుకుంటే ఫెరిక్, ఫెరస్ నిష్పత్తి 2:1 బదులు 1.8:1 తీసుకునేవాళ్లూ ఉన్నారు.

92 సంగతి. అది పెద్ద ముక్కగా ఉన్న శుద్ధ మాగ్నెటైట్ లెక్క. నానో సైజులో 60 వచ్చినా మంచిదే. నువ్వు వేసిన ఉప్పులకి మాగ్నెటైట్ మహా అయితే 1.15 గ్రాములు వస్తుంది, దాని మీద 3 గ్రాముల కైటోసాన్. అంటే మొత్తంలో 28 శాతం. అన్నీ సవ్యంగా జరిగినా 17 దాటదు. ఈ లెక్క కాగితం మీద వేసి గైడ్ గారికి చూపించు, టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గుదల చూసే పరీక్ష) కూడా పెట్టించు. ఎక్కువ కావాలంటే కైటోసాన్ తగ్గించాలి.

ఇంకోటి, మాగ్నెటిక్ స్టిరర్ వాడుతున్నావేమో. సరుకంతా ఆ బార్‌కే అంటుకుని కూర్చుంటుంది! పైనుంచి తిప్పే స్టిరర్ అడుగు.

చీరాల_కెమ్:
పీబీఎస్ గురించి నేను చెప్తాను. కైటోసాన్ పీకేఏ (దాని అమీన్ గుంపుల్లో సగానికి చార్జ్ పోయే పీహెచ్) 6.5 దగ్గర. 7.4లో అమీన్ల మీద చార్జ్ దాదాపు ఉండదు, పైగా ఉప్పు. గడ్డ కట్టక ఏం చేస్తుంది? పీహెచ్ 5 అసిటేట్ బఫర్‌లో దాచండి. 7.4లోనే పని కావాలంటే కార్బాక్సీమిథైల్ కైటోసాన్‌కి మారండి. క్రాస్‌లింకింగ్‌కి (పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయడానికి) గ్లుటరాల్డిహైడ్ వేస్తే గట్టిగా ఉంటుంది.

పాత_ల్యాబ్_అక్క:
గ్లుటరాల్డిహైడ్ దగ్గర ఒప్పుకోను. కణాలకి అంటుకుని మిగిలింది పరీక్షలోని జీవకణాలను చంపుతుంది, మందు చంపిందో ఇది చంపిందో తేలదు. దాని బదులు టీపీపీ (ట్రైపాలీఫాస్ఫేట్) గానీ జెనిపిన్ గానీ చూడమ్మా. జెనిపిన్ ఖరీదు, నీలం రంగు తిరుగుతుంది, అయినా నయం. ఎంటీటీ (జీవకణాలు ఎన్ని బతికాయో రంగుతో చూసే పరీక్ష) చేసేటప్పుడు 570 నానోమీటర్ల దగ్గర చదివే ముందు నీ మాగ్నెటిక్ కణాలను అయస్కాంతంతో పక్కకి లాగేయ్, ఐరన్ ఆక్సైడ్ రంగు కూడా రీడింగ్‌లో కలుస్తుంది.

గుంటూరు_ఫార్మా:
డబ్బా చూశానక్కా. పసుపే. ఫెరస్ సల్ఫేట్ కొత్త సీసా ఉంది, దానితో చేయొచ్చా?

పాత_ల్యాబ్_అక్క:
చేయొచ్చు. హెప్టాహైడ్రేట్ అయితే 1.39 గ్రాములు తీసుకో. సీసా కొత్తదైనా రంగు చూసే వాడు.