ఆట మొదలయ్యాక తలుపు మూసేయాలా, వద్దా? చిన్న నాటకశాలల మీద చర్చ

వెంకట్_నల్లకుంట

మొన్న శనివారం ఒక చిన్న హాల్లో నాటిక చూశాం. హాలు పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదికి పోతుంది. 150 కుర్చీలుంటాయేమో. ఒకటే తలుపు, అదీ వేదికకి కుడిపక్కనే. తండ్రి పోయాక పొలం పంచుకునే అన్నదమ్ముల కథ. పెద్దాయన పెన్ను పట్టుకుని, సంతకం పెట్టాలా వద్దా అని కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని నలుగురు వచ్చారు. వరండాలోని ట్యూబ్‌లైటు వెలుగు నేరుగా ఆ పెద్దాయన మొహం మీద పడింది. వాళ్లు ఫోన్ టార్చ్‌లు వేసుకుని, "ఇక్కడెవరైనా ఉన్నారాండీ", "కాస్త జరగండి" అంటూ మా వరుసలోకే దూరారు. ఒకాయన చేతిలో చిప్స్ ప్యాకెట్టు. పాపం ఆ నటుడు పెన్ను అలాగే పట్టుకుని, వీళ్లు కూర్చున్నాక సంతకం పెట్టాడు.

నేను అడిగేది సూటిగా ఇదీ. చిన్న నాటకశాలలో ఆట మొదలయ్యాక తలుపు మూసేయాలా, వద్దా? నేనైతే మూసేయాలంటాను. బెంగళూరు జేపీ నగర్‌లో 2004లో మొదలైన రంగశంకరలో ఆలస్యంగా వస్తే, చేతిలో టికెట్ ఉన్నా లోపలికి పంపరు. ముంబై జుహూలో 1978 నుంచి నడుస్తున్న పృథ్వీ థియేటర్‌లోనూ అంతే. రెండూ చిన్నవే. ఒకదాంట్లో 300 పైచిలుకు సీట్లు, ఇంకోదాంట్లో సుమారు 200. అక్కడి జనం అలవాటు పడ్డారు. మనమెందుకు పడలేం?

శ్రీలత_ఎం

అలవాటు పడాల్సింది జనమా, నిర్వాహకులా?

ఆహ్వానపత్రంలో "సాయంత్రం 6 గంటలకు" అని ఉంటుంది. ఆరింటికి వెళితే మైక్ టెస్టింగ్ నడుస్తూ ఉంటుంది. ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన. తర్వాత ప్రార్థనా గీతం. ఆ తర్వాత ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, ఒక్కొక్కరికీ పుష్పగుచ్ఛం, శాలువా, జ్ఞాపిక, ఫోటో. ఫోటోగ్రాఫర్ "ఇటు చూడండి సార్" అంటే శాలువా మళ్లీ కప్పడం. "రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అన్నాయన ఇరవై నిమిషాలు వదలడు. తెర లేచేసరికి ఏడున్నర దాటుతుంది.

ఇన్నేళ్లుగా టైముకి వచ్చినవాళ్లని వెర్రివాళ్లని చేశారు కాబట్టే మిగతావాళ్లు తెలివిమీరి ఏడున్నరకి వస్తున్నారు. మీ నలుగురూ అదే లెక్క వేసుకుని ఉంటారు. మా అక్కవాళ్లు బెంగళూరులో ఉంటారు, మీరు చెప్పిన రంగశంకరలో నేనూ నాటకాలు చూశాను. నేను వెళ్లిన ఏ రోజూ ఆట ముందు ఎవరికీ శాలువా కప్పలేదు.

స్పాట్‌లైట్

లైట్లు వేసేవాణ్ణి కాబట్టి నా బాధ వేరు. చిన్న హాల్లో బ్లాకౌట్ ఇచ్చామంటే ఆ కాసేపట్లో చాలా పని జరుగుతుంది. ఆర్టిస్టు నేల మీద అతికించిన రేడియం టేపు ముక్క చూసుకుని తన చోట నిలబడాలి. కుర్రాళ్లు మంచం తీసి బెంచీ వెయ్యాలి. అప్పుడు తలుపు తీస్తే, మంచం మోసుకుపోతున్న కుర్రాళ్లు అందరికీ కనపడతారు. అంతకుముందు సీన్లో అదే మంచం మీద ఓ ముసలమ్మ ప్రాణం విడిచి ఉంటుంది. హాల్లో నవ్వులు. ఇక ఆ సీను తిరిగి నిలబడదు.

లైటు బాగా తగ్గించి నడిపే సీన్లో ఒక్క ఫోన్ టార్చ్ చాలు, మేం మధ్యాహ్నమంతా నిచ్చెనెక్కి సరిచేసుకున్నదంతా గోవిందా. రవీంద్రభారతి లాంటి వెయ్యిమంది పట్టే చోట వెనకనుంచి వచ్చి కూర్చుంటే ముందు వరుసలకి తెలియను కూడా తెలియదు. చిన్న హాల్లో ప్రేక్షకుడు చెప్పు ఈడ్చినా వేదిక మీద వినపడుతుంది.

అయితే అన్ని ఆటలకీ ఒకే రూలు అంటే ఒప్పుకోను. పరిషత్తు నాటిక, అంటే నాటక పోటీల్లో ఆడేది, గంటలోపు అయిపోతుంది, చాలావరకు ఒకే సెట్టు, మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటుండదు. దానికి మూయాల్సిందే. సురభి వాళ్ల ఆటలో రంగం తర్వాత రంగం, తెర తర్వాత తెర. తెర పడ్డప్పుడు నలుగురిని పంపితే ఎవరికి నష్టం?

హార్మోనియం_మాస్టారు

నాయనా వెంకట్, నోరు మూసుకుని కూర్చుని నాటకం చూడటం మన పద్ధతి ఎప్పుడైంది? నేను హార్మోనియం మీద చెయ్యి వేసిన రోజుల్లో రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారుజాము దాకా ఆటే. జనం వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. పిల్లలు చాపల మీద నిద్రపోతే హరిశ్చంద్ర కాటిసీనుకి తట్టి లేపేవాళ్లు. రాయబారంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుని, చివర రాగం సాగదీస్తే వన్స్ మోర్. మళ్లీ పాడితే మళ్లీ వన్స్ మోర్. నచ్చినాయన వేదిక ఎక్కి, కృష్ణుడి కండువాకి నోటు గుచ్చేవాడు. మేం మైకులో ఆయన పేరూ ఇంటిపేరూ చదివేవాళ్లం. ఆట ఆగిందని ఎవరూ ఏడవలేదు.

సురభి వాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి ఇన్ని తరాలు నిలబడ్డారు. తలుపులు మూసి కాదు. ముందు వరుసలో పిల్లలు, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతుంటే కేకలు పెడతారు. ఆ కేకలు తీసేస్తే ఆట చప్పబడిపోతుంది. బెంగళూరు, బొంబాయి పద్ధతులు వాళ్లకి మంచివే కావచ్చు. మనవాళ్లు ఇప్పటికే నాటకానికి రావడం మానేశారు, వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపుతానంటే ఎట్లా?

వెంకట్_నల్లకుంట

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ వన్స్ మోర్ అన్నవాడు ఆటలో మునిగిపోయినవాడు. పద్యం విన్నాడు, ఒళ్లు పులకరించింది, ఇంకోసారి అడిగాడు. టార్చ్ వేసుకుని సీటు వెతుక్కునేవాడు ఇంకా ఆటలోకే రాలేదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

పైగా హరిశ్చంద్రుడు ఎవరో తెలియనివాడు ఊళ్లో ఉండడు. గంట ఆలస్యంగా వచ్చినా కథ అందుతుంది. కొత్త నాటికలో మొదటి పది నిమిషాలు పోతే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. అప్పుడేం చేస్తాడు? పక్కవాణ్ణి అడుగుతాడు. "ఈయన అన్నా, బావా?" అని మా ఆవిణ్ణి అడిగారు మొన్న. ఆవిడ చెప్పింది కూడా.

శ్రీలత గారూ, సభల గురించి మీతో పేచీ లేదు. కానీ మొన్న సభే లేదు. చెప్పిన టైముకి అటూ ఇటూగా మొదలుపెట్టేశారు.

శ్రీలత_ఎం

ఆ సంగతి వచ్చేవాళ్లకెలా తెలుస్తుంది? "సభ లేదు, నేరుగా నాటకమే" అని ఆహ్వానంలో వేశారా? వేసి ఉండరు. వెయ్యడానికి మొహమాటం. పదిసార్లు ఆలస్యం చేసి పదకొండోసారి టైముకి మొదలుపెట్టి తలుపు మూస్తానంటే, శిక్ష ఎవరికి పడుతున్నట్టు?

కిట్టు_కేపీహెచ్‌బీ

వారం మధ్యలో ఆరున్నర ఆట అంటే నేను ఐదింటికల్లా ఆఫీసులోంచి బయటపడాలి. మా మేనేజర్‌కి ఏం చెప్పను, చిక్కడపల్లిలో నాటిక ఉంది సార్ అనా? తలుపు మూసెయ్యండి, కానీ ఆట ఎనిమిదింటికి పెట్టండి. ఇప్పుడు హాల్లో చూస్తే అందరూ మా నాన్న వయసువాళ్లే. కుర్రాళ్లు రావట్లేదని ప్రతి సభలోనూ బాధపడతారు, వాళ్లు రాగలిగే టైము మాత్రం ఎవరూ పెట్టరు.

తెనాలి_తమ్ముడు

ఓ చిన్న పరిషత్తు కమిటీలో ఉన్నాను కాబట్టి తలుపు దగ్గర నిలబడేవాడి గోడు చెబుతా. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మా తెనాలిలోనే, ఆ గీర ఎలాగూ ఉంటుంది మాకు, క్షమించాలి.

పరిషత్తు అంటే ఉచిత ప్రవేశం. సాయంత్రానికి రెండు మూడు నాటికలు. టికెట్ కొన్నవాణ్ణి ఆపితే రూలు చూపించొచ్చు, డబ్బు ఇచ్చి పంపెయ్యొచ్చు. ఊరికే వచ్చినవాణ్ణి ఏమని ఆపను? "మేం రాకపోతే మీ నాటకం ఎవరు చూస్తారయ్యా" అంటాడు. అదీ నిజమే కదా. 200 కుర్చీలేసి, సగం కూడా నిండని రోజున తలుపు మూయమని మా ప్రెసిడెంట్‌తో అని చూడండి. వెంకట్ గారు చెప్పిన రెండు చోట్లా టికెట్ ఉంది. అసలు తేడా అక్కడుంది. యాభయ్యో వందో పెట్టి కొన్నవాడు టైము చూసుకుని వస్తాడు.

ఇంకో మాట. తలుపు మూస్తే బయట నిలబడేది మామూలు ప్రేక్షకుడు కాదు, ముఖ్య అతిథి. హాలు అద్దె, నగదు బహుమతులు, ట్రూపుల భోజనాలు, అన్నీ ఆయన లాంటివాళ్లు ఇచ్చే చందాలే. ఆయన రెండో నాటిక సగంలో వస్తారు, వెంట ఆరుగురు. ముందు వరుస అట్టే పెట్టాలి. ఆయన నడిచొస్తుంటే కమిటీ వాళ్లందరూ లేస్తారు. న్యాయనిర్ణేతలు మార్కుల కాగితాల్లోంచి తలెత్తుతారు. వేదిక మీద ఏడుస్తున్న అమ్మాయి కూడా ఓ కంట చూస్తుంది. ఇది ఆపగలిగితే మిగతాది నేను ఆపిస్తా.

చందన_ఆర్

మీరందరూ లోపలికి రావడం గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మకి షుగర్. గంటసేపు కదలకుండా కూర్చోలేదు. ఒక చోట బాత్రూముకి వెళ్లి వస్తే మళ్లీ రానివ్వలేదు. వాలంటీర్ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, రూలు అన్నాడు. మిగతా ఆటంతా అమ్మ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గోడ అవతలనుంచి డైలాగులు వింది. లోపల నేను ఏం చూశానో నాకే గుర్తులేదు.

ఆమె టైముకి పావుగంట ముందే వచ్చిన మనిషి. ఆలస్యంగా వచ్చినవాళ్లనీ, మధ్యలో వెళ్లి వచ్చేవాళ్లనీ ఒకే రూలు కింద తొయ్యకండి.

వెంకట్_నల్లకుంట

చందన గారూ, అది అన్యాయం. ఇందులో వాదన లేదు. నేను మూయమన్నది ఆలస్యంగా వచ్చేవాళ్లకే.

స్పాట్‌లైట్

నేను పనిచేసే ట్రూపులో పాటించేది చెబుతా, పనికొస్తే తీసుకోండి. తలుపుకి లోపలివైపు దళసరి నల్లగుడ్డ కడతాం, కాస్త ఎడంగా, మనిషి దూరేంత సందుతో. ఆట మొదలవగానే వరండా లైటు ఆర్పేస్తాం. తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలు కొన్ని ఎవరికీ ఇవ్వం. అవి చందన గారి అమ్మగారి లాంటివాళ్లకీ, ఆలస్యంగా వచ్చినవాళ్లకీ. వాళ్లు నడిచి ముందుకు రావడం ఉండదు, సీటు వెతుక్కోవడం ఉండదు. తలుపు దగ్గర నిలబెట్టేది స్క్రిప్టు చదివిన కుర్రాణ్ణే. ఎక్కడ పంపొచ్చో డైరెక్టర్ స్క్రిప్టులో గీతలు పెట్టి ఇస్తాడు. గొడవ సీను, పాట, నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడే చోటు, అలాంటప్పుడు పంపితే ఎవరూ పట్టించుకోరు. మీ సంతకం సీను లాంటి చోట దేవుడొచ్చినా ఆపుతాడు.

చివరి పదిహేను నిమిషాల్లో మాత్రం కొత్తవాళ్లని పంపం. అప్పుడొచ్చి చూసేదేముంది?

ముఖ్య అతిథికీ అదే కుర్చీ అన్నాం. అక్కడ కాస్త పేచీ వచ్చింది.

తెనాలి_తమ్ముడు

కూర్చున్నారా?

స్పాట్‌లైట్

కూర్చున్నారు. చీకట్లో ఆయనెవరో ఎవరికీ తెలియదు కాబట్టి ఆయనకీ హాయిగానే ఉన్నట్టుంది. నాటిక అయ్యాక మైకు అడిగి తీసుకుని పావుగంట మాట్లాడారు. నాటిక గురించే మాట్లాడారు, అది వేరే విశేషం.

హార్మోనియం_మాస్టారు

నల్లగుడ్డ సంగతి బాగుంది. అది నేనూ ఒప్పుకుంటా. కానీ మీరు ఆలస్యం, ఆలస్యం అని కొట్టుకుంటున్నారు గానీ, టైముకి వచ్చి ముందు వరుసలో కూర్చున్నవాళ్ల సంగతేంటి? ఆర్టిస్టు బావమరిదే లేచి నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తాడు. వెనకున్నవాళ్లకి వేదిక బదులు ఆ చిన్న తెర కనపడుతుంది. మొన్నామధ్య పద్యం మధ్యలో ఒకాయన ఫోన్ మోగితే, ఎత్తి "నాటకంలో ఉన్నా, చెప్పు" అన్నాడు. ఆ రింగ్‌టోన్ శ్రుతి వేరు, నా హార్మోనియం శ్రుతి వేరు. పాడే అబ్బాయి ఆ రింగ్‌టోన్ శ్రుతిలోకి జారిపోయాడు. మళ్లీ పట్టుకుని తీసుకురావడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. వాణ్ణి ఏ తలుపు ఆపుతుంది?

కిట్టు_కేపీహెచ్‌బీ

మాస్టారూ, నవ్వి చచ్చాను. రింగ్‌టోన్‌కి వన్స్ మోర్ అనలేదు కదా ఎవరూ?

శ్రీలత_ఎం

నా మాట మీద నేనున్నాను. తలుపు మూయండి, అభ్యంతరం లేదు. ముందు ఆహ్వానంలో రెండు టైములు వెయ్యండి. సభ ఎన్నింటికి, తెర ఎన్నింటికి. రెండోది తప్పకుండా పాటించండి. ఓ ఏడాది పాటించి చూపించాక తలుపు మూస్తే ఒక్కరు కూడా నోరెత్తరు. ఇంకా మంచిది, సభ మొత్తం నాటకం తర్వాతికి మార్చెయ్యండి.

తెనాలి_తమ్ముడు

తర్వాత పెడితే హాల్లో ఎవరూ మిగలరు శ్రీలత గారూ. శాలువా కప్పడానికి మేమే, కప్పించుకోవడానికి మేమే. ఫోటోలో ఖాళీ కుర్చీలు పడతాయని మా ప్రెసిడెంట్ బెంగ.

శ్రీలత_ఎం

పడనివ్వండి. అవే కుర్చీలు ఇప్పుడు ఆరింటికి ఖాళీగా ఉంటున్నాయి, దాని గురించి ఎవరూ బెంగ పడట్లేదే.

తెనాలి_తమ్ముడు

ఈసారి కమిటీ మీటింగులో రెండు టైముల సంగతి పెడతా. నల్లగుడ్డకి ఎంతవుతుందో స్పాట్‌లైట్ బ్రదర్ కాస్త చెప్పండి. ముఖ్య అతిథి కుర్చీ విషయం మాత్రం నేను ఎత్తను, మీలో ఎవరైనా వచ్చి ఎత్తండి.