తిండి తగ్గించి, రోజూ నడుస్తున్నా 75 కిలోల దగ్గరే ఆగిపోయాను: ఇంకా ఏం తగ్గించాలి?

తెనాలి టీచర్ (ప్రశ్న):

నా వయసు 43 సంవత్సరాలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. జనవరిలో 81 కిలోలున్న నేను మూడు నెలల్లో 75కు వచ్చాను. ఆ తరువాత పదకొండు వారాలుగా బరువు 74.6కూ 75.4కూ మధ్యనే తిరుగుతున్నది. తినేదేమీ పెంచలేదు. ఉదయం రెండు పెసరట్లు గాని మూడు ఇడ్లీలు గాని వేరుశనగ పచ్చడితో తింటాను. మధ్యాహ్నం ఒక కప్పు అన్నంలో పప్పు, కూర, చివర కాస్త మజ్జిగ. ఈ నెల నుంచి ఆ అన్నం బదులు కొర్రన్నం తింటున్నాను. రాత్రి రెండు పుల్కాలు, కూర. కాఫీలో పంచదార మానేశాను. అయిదున్నరకు కాలువ గట్టు మీద యాభై నిమిషాలు నడుస్తాను, వర్షం పడితే ఆ నడక మా మేడ మీదే పూర్తి చేస్తాను. ఫోన్‌లోని యాప్‌లో అన్నీ రాసుకుంటున్నాను. అందులో రోజుకు 1200 కేలరీలు దాటడం లేదు.

థైరాయిడ్ తక్కువగా ఉన్నందున నాలుగేళ్లుగా 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. మోకాళ్ల నొప్పి మొదలైన తరువాతే బరువు తగ్గి తీరాలని నిశ్చయించుకున్నాను. బరువు ఆగిపోవడం కన్నా, "ఎక్కడో అక్కడ తింటూనే ఉంటావు" అని మా అత్తగారు, మావారు అనడం నన్ను ఎక్కువ బాధిస్తున్నది. నేను దాచి తినడం లేదు. ఇక రాత్రి భోజనం పూర్తిగా మానేయాలా, లేక నడకను గంటన్నరకు పెంచాలా? అనుభవమున్న వారు చెప్పగలరు.

పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్:

రాత్రి భోజనం మానవద్దండి. ఇప్పుడే అంత తక్కువ తింటున్నానని మీరు నమ్ముతున్నప్పుడు, ఇంకా కోసుకుంటే పది రోజులు నడిచి పదకొండో రోజున నీరసంతో అన్నీ వదిలేస్తారు. ముందు ఒక విషయం స్పష్టంగా చెబుతాను: మీరు దాచి తినడం లేదన్న మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 1200 కేలరీల కన్నా తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పిన వారిని తీసుకుని, వారి శరీరం నిజంగా ఎంత శక్తి ఖర్చు చేస్తున్నదో కొలిచారు. ఆ ఖర్చు అందరిలాగే మామూలుగా ఉంది. తిన్నదానిలో సగటున 47 శాతం మాత్రం వారు రాసుకున్న లెక్కలోకి రాలేదు. వారు అబద్ధమాడారని దీనికి అర్థం కాదు. కంటి అంచనాతో తిండిని లెక్కవేయడం ఎవరికైనా కష్టమే, వంటింటి సంగతులు తెలిసిన నాకూ కష్టమే.

మన ఇళ్లలో ఆ లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గర. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటరు ప్యాకెట్ల నూనె అవుతున్నదో చూడండి. నలుగురున్న ఇంట్లో ఆరు ప్యాకెట్లు అయ్యాయనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు ఉంటుంది కనుక ఆరు లీటర్లంటే దాదాపు 5460 గ్రాములు, రోజుకు 182, మనిషికి 45 గ్రాములు. గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి కాబట్టి ఒక్క నూనె ద్వారానే మనిషికి రోజుకు 400 కేలరీలు చేరుతున్నాయి. ఇందులో నెయ్యి, ఊరగాయ మీద తేలే నూనె, బయట తిన్న బజ్జీలు లేవు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచించేది రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు. యాప్‌లో మీరు "పెసరట్టు, 2" అని నొక్కినప్పుడు, పెనం మీద మీరు అట్టు అంచుల వెంట గరిటెతో ఎంత నూనె వేశారో దానికి తెలియదు. పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు ఉంటాయి. మీ యాభై నిమిషాల నడక, కూర్చుని ఉంటే అయ్యే ఖర్చును తీసివేస్తే, దాదాపు 150 కేలరీలకు సమానం. అంత శ్రమను పెద్ద చెంచా పైచిలుకు నూనె తుడిచివేస్తుందని గమనిస్తే, నడకను పెంచే ముందు గరిటెను ఎందుకు కొలవమంటున్నానో మీకు అర్థమవుతుంది.

వేరుశనగ పచ్చడి కూడా అంతే. ముప్పై గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 160 కేలరీలు ఉంటాయి. నాలుగు చెంచాల గట్టి పచ్చడిలోకి దాదాపు అన్ని గుళ్లూ వెళ్లిపోతాయి. కొర్రలు మంచివే, పీచు ఎక్కువ, తిన్న తరువాత ఆకలి ఆలస్యంగా వేస్తుంది. కానీ కేలరీల మాటకొస్తే, వండని కొర్రలలోనూ బియ్యంలోనూ వంద గ్రాములకు ఇంచుమించు 330 నుంచి 360 వరకు ఉంటాయి. ఆరోగ్యకరమని కప్పున్నర వడ్డించుకుంటే తగ్గేదేమీ ఉండదు.

రెండు వారాల పాటు మీకు మాత్రమే విడిగా ఒక చిన్న సీసాలో నూనె పోసి పెట్టుకోండి. మీ అట్టుకు, మీ కూరకు, మీ తాలింపుకు ఆ సీసాలోదే వాడి, చివరకు ఎంత తగ్గిందో కొలవండి. తినే పరిమాణం ఏదీ మార్చకండి, ఊరికే చూడండి.

మాత్ర వాడే అక్క, ఖమ్మం:

ఆ మాత్ర ఎలా వేసుకుంటున్నారు చెల్లీ? నేను ఆరేళ్లు కాఫీతో పాటే వేసుకున్నాను, మరో గంటకు క్యాల్షియం మాత్ర మింగేదాన్ని. మోతాదు పెంచుతూ పోయినా టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ తక్కువైనప్పుడు రక్తపరీక్షలో పెరిగి కనిపించే అంకె) దిగలేదు. ఒకసారి చూసిన డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న ఇదే. పరగడుపున మంచినీళ్లతో మింగి, అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిను ఏదీ తీసుకోకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. వేసుకునే పద్ధతి మార్చిన తరువాత ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకుంటే నాకు మోతాదు తగ్గించవలసి వచ్చింది.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. దానితో నాకు తగ్గింది రెండు కిలోలే, అందులో ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరే. థైరాయిడ్ తక్కువగా ఉండటం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలకు మించదట. ఒళ్లు బద్ధకం, మలబద్ధకం, జుట్టు రాలడం మాత్రం బాగా తగ్గాయి. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి కూడా బరువు దిగదు కనుక, మీరు వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

భౌతికశాస్త్రం లెక్చరర్, వరంగల్:

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. 81 కిలోల శరీరానికి సరిపోయిన లెక్క 75 కిలోల శరీరానికి సరిపోదు. తక్కువ బరువును మోసుకు తిరగడానికి తక్కువ శక్తి చాలు, పైగా తిండి తగ్గినప్పుడు శరీరం ఆ బరువుకు ఉండవలసిన దానికన్నా కూడా కొంత పొదుపుగా ఖర్చు చేస్తుంది. మొదటి వారాల్లో తగ్గినదంతా కొవ్వు కూడా కాదు. కండరాలలో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, అది తరిగినప్పుడు బరువు చకచకా దిగినట్టు కనిపిస్తుంది.

అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, సగటున రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరకు ఒక కిలో తగ్గుతుంది. దానిలో సగం తగ్గడానికే ఏడాది పడుతుంది. ఇది చదివినప్పుడు నాకు మొదట నిరుత్సాహం కలిగింది, తరువాత ఎంతో ఊరట కలిగింది. నెలకు రెండు కిలోలు దిగలేదని నన్ను నేను నిందించుకోవడం అప్పుడే మానేశాను.

ఇంకొకటి. నడిచి వచ్చామన్న తృప్తితో మిగతా పగలంతా మనకు తెలియకుండానే కదలిక తగ్గిస్తాం. నేను గంట నడిచిన రోజుల్లో పై అంతస్తులోని తరగతికి లిఫ్టులో వెళ్లేవాణ్ని. మీకు మోకాళ్ల నొప్పి ఉంది కనుక నడక పెంచవద్దు. గట్టి కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం పదేసి సార్లు, వారానికి మూడు రోజులు, ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని మొదలుపెట్టండి. తిండి తగ్గించినప్పుడు కండ కరగకుండా అది కాపాడుతుంది. బరువుతో పాటు నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. మన దేశపు స్త్రీలకు అది 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండటం మంచిదంటారు. రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నారో కూడా చెప్పండి.

తెనాలి టీచర్:

జవాబిచ్చిన ముగ్గురికీ నమస్కారాలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. హార్లిక్స్ ఖాళీ సీసా ఒకటి కడిగి, పక్కన తెల్ల ప్లాస్టరు అంటించి, గీతలు గీసుకున్నాను. నాకు ఒక్కదానికే పద్నాలుగు రోజుల్లో 620 మిల్లీలీటర్ల నూనె అయింది, అంటే రోజుకు నలభై గ్రాములు. సీసా అడుగు కనిపించిన రోజున వంటగదిలో కాసేపు అలాగే నిలబడిపోయాను. యాప్‌లో నేను రాసుకున్న నూనె రోజుకు ఒక చెంచా. సాయంత్రం బడి నుంచి రాగానే కూర మూకుడులో అడుగంటిన వేపుడు ముక్కలను నిలబడే తినడం నాకు అలవాటు. అది దాచి తినడం కాదు గాని, ఎక్కడా రాయలేదు.

మూడో వారం నుంచి నా వాటా నూనెను 20 గ్రాములకు తెచ్చాను. పెసరట్టును నాన్‌స్టిక్ పెనం మీద వేస్తున్నాను, వేరుశనగ పచ్చడి స్థానంలో వారానికి నాలుగు రోజులు అల్లం పచ్చడి. మాత్ర కాఫీతోనే మింగుతుండేదాన్ని. ఇప్పుడు నడకకు వెళ్లేముందు నీళ్లతో వేసుకుని, తిరిగివచ్చి కాఫీ తాగుతున్నాను. పడుకునేసరికి రోజూ పన్నెండు అవుతున్నది, అది మాత్రం ఇంకా సర్దుకోలేదు. బరువు ఈ రోజు 74.1, నడుము 97 నుంచి 95.5కు వచ్చింది. ఆ సీసాను మా అత్తగారికి చూపించి లెక్క వివరించాను. ఆవిడ ఏమీ అనలేదు, కానీ మర్నాడు వంకాయ కూరకు నూనె చెంచాతో కొలిచి పోశారు.

ఒక్క సందేహం ఉంది. నేను ఐరన్ మాత్ర టిఫిను తరువాత ఎనిమిదింటికి వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర అయిదుంపావుకు. ఈ ఎడం చాలదు కదా?

మాత్ర వాడే అక్క, ఖమ్మం:

చాలదు, మూడు గంటలు కూడా నిండలేదు. ఐరన్‌ను మధ్యాహ్న భోజనానికి మార్చవచ్చేమో మీ డాక్టరు గారిని అడగండి చెల్లీ. మార్చిన రోజు నుంచి ఆరు వారాలు లెక్కపెట్టుకుని టి.ఎస్.హెచ్. చేయించుకోండి, అంతకు ముందు చేయిస్తే సరిగా తెలియదు.